బాపు ఫోటో కోసం కెమెరా పంపుతున్నాను

దుబాయి,
12-2-2010, శుక్రవారం

అవ్వకు, బాపుకు నమస్కారం. తమ్ముడికి ఆశీస్సులు.

నేను ఇక్కడ బాగున్నాను. ఈరోజు శివరాత్రి కదా, ఒక్కపొద్దు ఉన్నాను. పొద్దున్నే బర్ దుబాయి గుడికి పోయి వచ్చాను. లైను చాలా పొడుగ్గా ఉంది, అయినా దర్శనం బాగా అయింది. కాళ్ల నొప్పులతో బాపు ఈసారి వేములవాడ పోలేదేమో. పోకపోతే బాధపడవద్దని చెప్పు. కోడె మొక్కు నేను వచ్చినప్పుడు అందరం కలిసి తీర్చుకుందాం.

పని ఉంది, జీతం వస్తోంది. దుబాయిలో పనులు ఆగిపోయాయని టీవీలో చూసి టెన్షన్ పడకండి. కొన్ని చోట్ల ఆగిన మాట నిజమే, మా సైటు మాత్రం నడుస్తోంది.

అవ్వా, పోయినసారి పంపిన ఫోటో చూసి ఏడ్చావని తమ్ముడు ఫోన్లో చెప్పాడు. నల్లబడ్డానని, చిక్కిపోయానని, కళ్లు లోపలికి పోయాయని అన్నావట. నేను చిక్కలేదవ్వా. ఆ ఫోటో మిట్టమధ్యాహ్నం సైటు గేటు దగ్గర తీసింది. ఎండ నడినెత్తి మీద ఉంటే కనుబొమ్మల నీడ కళ్ల మీద, ముక్కు నీడ పెదాల మీద పడుతుంది. అట్లాంటి వెలుతురులో ఎవరిని నిలబెట్టినా పదేళ్లు పెద్దగా కనిపిస్తారు. పైగా తీసినవాడు మరీ దగ్గరికి వచ్చి జూమ్ లేకుండా తీశాడు, అట్లా తీస్తే ముక్కు పెద్దదై చెంపలు వెనక్కి పోతాయి. ఈ కవర్లో పైన ఉన్న ఫోటో చూడు. అదే నేను, అదే మొహం. సాయంత్రం అబ్రా పడవలు ఆగే చోట, నీడ పట్టున తీయించుకున్నాను. నీ కొడుకు ఎట్లా ఉన్నాడో ఇప్పుడు చెప్పు.

మొహం తెల్లగా మాత్రం చేయలేదు. రూములో అన్న లాప్‌టాప్‌లో ఫోటోలు సరిచేసే పికాసా ఉంది. అందులో ఫిల్ లైట్ అని ఒకటి జరిపితే నీడలో ఉన్న చోటు వెలుగు పెరుగుతుంది. అది కొంచెం జరుపుతాను, ఫ్లాష్ వల్ల కళ్లు ఎర్రగా పడితే సరిచేస్తాను, వంకర ఉంటే తిన్నగా చేస్తాను, అంతకంటే ఏమీ చేయను. పెళ్లి ఆల్బమ్‌లలో అందరి మొహాలకూ సున్నం వేసినట్టు చేస్తారు చూడు, అది నాకు అస్సలు నచ్చదు. బాపు రంగే నాకు వచ్చింది. అది తుడిచేసి ఫోటో పంపితే నాకు మనసొప్పదు.

కవర్లో మిగతా ఫోటోలు మా రూము వాళ్లవి. వెనకాల ఊరి పేరు, ఇంటి పేరు రాశాను. తమ్ముడూ, నువ్వే పోయి ఇచ్చి రావాలి. బంద్ ఉన్న రోజు మాత్రం బయలుదేరవద్దు. కోరుట్ల అన్న ఫోటో ముందు ఇవ్వు. ఆయన ఇక్కడికి వచ్చాక బిడ్డ పుట్టింది. ఆ పిల్లకు నాన్న అంటే పాస్‌పోర్టు ఫోటోనే. ఆయన కెమెరా చూడగానే బిగుసుకుపోతాడు, అందుకే "అయిపోయింది, ఇక లేవండి" అని చెప్పి, బిడ్డ ఏం మాటలు నేర్చిందని అడిగాను. అప్పుడు నవ్వాడు. ఆ నవ్వే తీశాను. బటన్ సగం నొక్కి ముందే పట్టుకుని ఉన్నాను కాబట్టి దొరికింది, లేకపోతే ఈ చిన్న కెమెరాలు నొక్కిన తర్వాత కాస్త ఆగి తీస్తాయి, నవ్వు దాటిపోతుంది.

మిగతావాళ్లందరికీ బుర్జ్ ఖలీఫాతోనే ఫోటో కావాలి. పోయిన నెల నాలుగున తెరిచారు కదా. 828 మీటర్లు, దగ్గర నిలబడితే మెడ నొప్పే తప్ప ఫోటోలో పట్టదు. అందుకని చాలా దూరం వెనక్కి తీసుకుపోయి, మనిషిని నా దగ్గర నిలబెట్టి, నేను కిందికి కూర్చుని తీశాను. మొహమే పెద్దగా రావాలి. ఇంట్లో వాళ్లు చూసుకునేది మొహాన్నే.

తమ్ముడూ, ఇక అసలు సంగతి. మెట్‌పల్లి అన్న సెలవు మీద వస్తున్నాడు, ఆయన చేతికి కెమెరా ఇచ్చి పంపుతున్నాను. కెనాన్ పవర్‌షాట్ ఏ590, 8 మెగాపిక్సెళ్లు. నాకు బాపు ఫోటో కావాలి. నా దగ్గర ఉన్నది రేషన్ కార్డు మీది ఒక్కటే. అందులో తల రుమాలు తీయించారు, మన బాపులా లేడు. రుమాలు కట్టుకునే కూర్చోమను. పొద్దున్న ఎండ గోడ మీద పడకముందు అరుగు మీద కూర్చోబెట్టు. ఫ్లాష్ ఆపెయ్. నువ్వు నాలుగైదు అడుగులు వెనక్కి పోయి జూమ్ సగం దాకా చెయ్. పూర్తిగా చేస్తే వెలుగు తక్కువ లోపలికి పోతుంది, చెయ్యి కదిలితే ఫోటో అలుక్కుపోతుంది. మోచేతులు పక్కలకు ఆనించుకో. బటన్ సగం నొక్కితే తెర మీద వచ్చే పచ్చ గీత మొహం మీదే రావాలి, వెనక గోడ మీద కాదు. రుమాలు పైన కాస్త జాగా వదులు. కెమెరా తీసే సైజు వేరు, స్టూడియోలో 4×6 కాగితం సైజు వేరు, కడిగేటప్పుడు పైనా కిందా కోత పడుతుంది.

అవ్వను బీడీలు చేస్తుండగా తియ్యి. చాట ఒళ్లో ఉండనీ, చేతులు కూడా రావాలి. కొత్త చీర కట్టుకుంటానంటుంది, వద్దని చెప్పు. అవ్వా, నువ్వు రోజూ ఎట్లా ఉంటావో అట్లాగే చూడాలని ఉంది. ఇక్కడ పడుకునే ముందు నాకు గుర్తొచ్చేది అట్లాగే.

బాపు మందులు వేళకు వేసుకుంటున్నాడా? నిజం రాయి, దాచిపెట్టవద్దు. మోకాలు బెల్టు కూడా కెమెరా ఉన్న సంచిలోనే ఉంది. పైసలు వచ్చే వారం పంపుతాను. ఫీజు ముందు కట్టు.

కెమెరాకు పెన్సిల్ సెల్లులు రెండు పడతాయి. చార్జరు పెట్టాను, కరెంటు ఉన్నప్పుడే పెట్టుకో. ఫోటోలు ఏవీ చెరిపెయ్యకు, కళ్లు మూసినవి కూడా ఉంచు. ఏది బాగుందో నేను చూసుకుంటాను. అన్న తిరిగి వచ్చేటప్పుడు కెమెరాలోని మెమరీ కార్డు మాత్రం ఇచ్చి పంపు, కెమెరా మీ దగ్గరే ఉండనీ.

మీ
పెద్దోడు