ఎలక్ట్రీషియన్ విద్యార్థులను చెక్కబోర్డు దగ్గరే ఆపకండి

ఆంధ్రప్రదేశ్ నైపుణ్యాభివృద్ధి, శిక్షణ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు రెండేళ్లు. మెట్ల వైరింగ్, గోడౌన్ వైరింగ్ చెక్కబోర్డు మీద బిగించి విప్పడం పిల్లలకు బాగానే వస్తుంది. అయితే బోర్డు మీద తీగంతా కంటికి కనిపిస్తుంది, ఇంట్లో అది గోడలో ఉంటుంది. స్లాబ్ పోసే ముందు పైపు జాయింట్లకు సొల్యూషన్ (జిగురు) రాయకపోతే సిమెంటు పాలు దిగి పైపు మూసుకుపోతుందని బోర్డు ఎలా నేర్పుతుంది?

అన్నిటికంటే మమ్మల్ని భయపెట్టేది ఆర్‌సీసీబీ. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే పడిపోయి, సరఫరా ఆపి ప్రాణం కాపాడే పరికరమిది. రెండు సర్క్యూట్ల న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) కలిసిపోయినా, తడిసిన స్విచ్ బాక్సులో న్యూట్రల్ ఎర్తుకు తగిలినా అది పడిపోతూనే ఉంటుంది. కారణం వెతకడం రాని కుర్రాడు దాన్ని తప్పించి నేరుగా కలిపేస్తాడు. ఆ ఇంట్లో గీజరు లీకైన రోజున ఆపేది ఏమీ ఉండదు. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగకు 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మితిమీరితే ఆపే స్విచ్) పడిపోతోందని 32 పెట్టేదీ ఇలాంటివాళ్లే. అప్పుడు ఎంసీబీ కంటే ముందు తీగ కాలుతుంది.

వెతికే పద్ధతి ఉంది. మెయిన్ ఆపాలి. ఎల్‌ఈడీ దీపాలు, ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు విప్పాలి, లేకపోతే మెగ్గర్ (తీగ ఇన్సులేషన్ కొలిచే మీటరు) వోల్టేజీకి అవి పాడవ్వొచ్చు. న్యూట్రల్ తీగలన్నీ కలిసే లింకు నుంచి వాటిని ఒక్కొక్కటే విడదీసి, 500 వోల్టుల మెగ్గర్‌తో ఎర్తుకు కొలవాలి. ఒక మెగాఓం కంటే తక్కువ చూపిన తీగ వెంట వెళ్తే లోపం దొరుకుతుంది. చెప్పడానికి ఇంతే. పాత భవనంలో, ఏ తీగ ఎటు పోయిందో తెలియని చోట చేస్తేనే చేతికి వస్తుంది.

ఫ్యాక్టరీలతో కలిసి నడిచే డీఎస్‌టీ శిక్షణ ఉన్నా, చుట్టుపక్కల ఫ్యాక్టరీలే లేని ఐటీఐలకు దాని వల్ల ఒరిగేది తక్కువ. ప్రభుత్వ హాస్టళ్లు, బడులు మాత్రం అన్ని చోట్లా ఉన్నాయి. సెలవుల్లో ఆ భవనాల వైరింగ్ పరీక్ష, మరమ్మతు రెండో ఏడాది విద్యార్థులకు అప్పగించండి. నలుగురికి ఒక బోధకుడు, పైన లైసెన్సు ఉన్న సూపర్‌వైజర్ ఉండాలి. మెయిన్‌కు తాళం వేసి తాళంచెవి సూపర్‌వైజర్ దగ్గరే ఉంచాలి. మెగ్గర్, ఎర్త్ టెస్టర్, రబ్బరు గ్లౌజులు లేకుండా ఎవరినీ పంపవద్దు. ప్రతి సర్క్యూట్ రీడింగు పనికి ముందు, తర్వాత రిజిస్టరులో రాయించాలి. ఆ రిజిస్టరుకు, లోపం వెతకడానికి ప్రాక్టికల్ పరీక్షలో మార్కులు కేటాయించేలా కేంద్ర శిక్షణ విభాగానికి రాయండి.

వచ్చే వేసవి సెలవుల్లోగా ఉత్తర్వులు ఇవ్వాలని కోరుతున్నాం.

ఇట్లు
ఎలక్ట్రీషియన్ ట్రేడు బోధకులు, వైర్‌మెన్