పర్లాకిమిడి తెలుగు సంఘం వార్షిక నివేదిక (ట్రాలీ సంగతితో సహా)

సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశంలో రిపోర్టు చదవాలని రూల్ ఉంది కాబట్టి రాస్తున్నాను, పోయినేడాది నోటితో చెప్తే ఏటైందో మీకు తెలుసు, సగం మంది మధ్యలోనే భోజనాల దగ్గరకెళ్లిపోయారు.

ముందు ఆగస్టు 29. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఆయన పుట్టినరోజు మనం చెయ్యకపోతే ఇంకెవరు చేస్తారు చెప్పండి. ఈసారి ఒడియా మీడియం పిల్లలు తడబడకుండా తెలుగు పద్యాలు చదివారు, ఒక సవర అమ్మాయి వాళ్ల భాషలో పాట పాడింది, పంతులుగారు సవర నేర్చుకుని ఆ భాషకి నిఘంటువు చేసిన మనిషి కదా, హాలంతా లేచి చప్పట్లు కొట్టారు. వంట చూసుకున్న అక్కలకి, షామియానా బాబాయ్‌కి, మైకు తమ్ముడికి, ఎండలో మంచినీళ్లు మోసిన కుర్రాళ్లకి పేరుపేరునా థాంక్స్. పేర్లు రాస్తే ఒకటి మర్చిపోతాను, తగువొస్తాది, అందుకే రాయలేదు.

ఆ రోజు కుర్చీలు, స్టేజి చెక్కలు, గుండిగలు అన్నీ మోసింది మన ట్రాక్టర్ ట్రాలీయే. అది సెప్టెంబర్‌లో చేజారిపోయేదే. రాత్రి ఎవరో ట్రాక్టర్ తెచ్చి తగిలించుకుని లాగారు, పొద్దున్న పాలబ్బాయి చూసి చెప్తే పరిగెత్తాం, సందు మలుపులో ఓ పక్కకి ఒరిగి ఉంది. ఎడమ టైరు పంచరు, మూడు వారాల్నుంచి వేయించమని మొత్తుకుంటున్నా ఒక్కడూ కదల్లేదు. లాగేసరికి టైరు రిమ్ము నుంచి ఊడిపోయింది, వానకి నానిన మట్టిలో రిమ్ము కూరుకుపోయింది, వాళ్లు వదిలేసి పోయారు. ఇప్పుడు ట్రాన్స్‌పోర్ట్ కమిటీ వాళ్లు "మేం పంచరు వేయించకపోబట్టే కదా మిగిలింది" అని సన్మానం అడుగుతున్నారు. నివేదికలో రాశాను, దాంతో సరిపెట్టుకోండి.

ట్రాలీకి ఇంజనూ లేదు, ఇగ్నిషన్ తాళమూ లేదు. ముందు రింగులో పిన్ను దూర్చితే ఎవడి ట్రాక్టర్ వెనకైనా పోతాది. అందుకని ఇప్పుడు రింగు గోడవైపు తిప్పి పెడుతున్నాం, ట్రాక్టర్ దానికి ఎదురుగా వచ్చే దారే లేకుండా. ఆ రింగుకే ఒక తాళం. పాత సన్న గొలుసు తీసేసి లావుది తెచ్చి, చక్రంలోంచి ఇరుసు మీదుగా హాలు స్తంభానికి బిగించాం. గొలుసు నేలమీద వదులుగా పడుంటే కట్టర్ పిడి ఒకటి నేలకి ఆనించి రెండోది తొక్కి తెంచేస్తారంట, బిగుతుగా పైకి ఉంటే అంత సులువు కాదు. పంచరు నేర్పిన పాఠం కూడా ఒకటుంది, నెలకి పైగా పనిలేకపోతే ఒక చక్రం విప్పి హాలు లోపల పెట్టి, ఇరుసు కింద రాళ్లు పేర్చుతున్నాం. రంగు మార్చేస్తే గుర్తుపట్టలేం కాబట్టి చాసిస్ అడుగున నంబరు వెల్డింగ్ చేయించి ఫొటోలు తీశాం.

స్టేషన్‌కి మూడుసార్లు తిరిగాం. "పోలేదు కదా, కంప్లెయింట్ ఎందుకు" అన్నారు, పైగా ఆర్‌సీ అడిగారు, ట్రైలర్‌కి విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి కదా, మనది రిన్యూ చేయించే బాధ్యత తీసుకున్నాయన ఫోనే ఎత్తడు. 1936లో రాష్ట్రం గీత ఇప్పుడు ఒడిశాలో ఉన్న మనకీ ఆంధ్రాలో ఉన్న పాతపట్నానికీ మధ్య పడింది, అది దొంగలకి బాగా కలిసొస్తాది, తెల్లారేలోగా ఆంధ్రాలో ఉంటాది బండి. 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలో ఏ స్టేషన్లో అయినా కంప్లెయింట్ ఇవ్వొచ్చు, ఆన్‌లైన్‌లో పంపి 3 రోజుల్లోగా వెళ్లి సంతకం పెట్టొచ్చు. ఈ ముక్క స్టేషన్లో నేను చెప్తే నావైపు అదోలా చూశారు.

రాత్రి కాపలాకి పన్నెండు మంది పేర్లిచ్చారు. వచ్చింది ఇద్దరు, అందులో ఒకరు మా బావగారు, ఆయన్ని నేనే లాక్కొచ్చాను.

లెక్కలు ఆడిటర్ చూశారు, ఫైలు టేబుల్ మీద ఉంది, గొలుసు, తాళాలు, వెల్డింగ్ బిల్లులు అందులోనే ఉన్నాయి, చందా బాకీ ఉన్నవాళ్ల లిస్టు కూడా ఉంది.

ఇంట్లో ఫంక్షన్‌కి ట్రాలీ తీసుకెళ్లేవాళ్లు రిజిస్టర్లో సంతకం పెట్టి, తిరిగి తెచ్చాక గొలుసు వేసి మరీ వెళ్లండి. రింగు తాళం రెండో చెవి ఎవరి దగ్గరుందో వాళ్లు ఈరోజు భోజనాలకి ముందే నాకిచ్చెయ్యండి.