మన గృహ సంఘం వార్షిక నివేదిక: మారే ఇళ్లు, మారని చట్రం

సభ్యులందరికీ నమస్కారం.

కిందటి సర్వసభ్య సమావేశంలో మీరు కార్యవర్గానికి ఒక పని అప్పజెప్పారు. కుటుంబం పెరిగినా తగ్గినా అదే ఇంట్లో సర్దుకుని ఉండగలిగేలా, ఇరుగుపొరుగు పేరుకు మాత్రమే మిగలకుండా, మనం కట్టుకోబోయే బహుళ అంతస్తుల భవనానికి డిజైన్ సూత్రాలు రాయమన్నారు. స్థలం ఖరారు కాకముందే ఇదంతా ఎందుకని కొందరు అడిగారు. స్థలం దొరికాక ఆర్కిటెక్ట్ ముందు కూర్చుంటే మన నోట వచ్చే మొదటి మాట "ఎన్ని బెడ్‌రూములు" అనేదే. అక్కడ మొదలైన ప్లాను అక్కడే ఆగిపోతుంది. అందుకే మనకేం కావాలో ముందే రాసుకోవడం మంచిదనుకున్నాం.

మామూలు విషయాలు ముందు ముగిస్తాను. కార్యవర్గం ప్రతి నెలా కలిసింది. ఆడిట్ పూర్తయింది, లెక్కల పట్టిక ఈ నివేదికతో పాటే మీకు అందుతుంది. స్థలాల ఉపసంఘం తన నివేదిక విడిగా ఇస్తుంది. కొత్తగా చేరినవాళ్లలో ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్లు ఎక్కువ. ఈ సంగతి డిజైన్ చర్చను బాగానే మలుపు తిప్పింది, కింద చెబుతాను.

ఏది కదలదు, ఏది కదులుతుంది

అధ్యయన బృందం మొదట పట్టుకున్న పేరు జాన్ హాబ్రాకెన్. ఈ డచ్ ఆర్కిటెక్ట్ 1961లోనే గట్టిగా వాదించాడు: పెద్ద ఎత్తున కట్టే ఇళ్లలో అసలు లోపం, అందులో ఉండబోయే మనిషికి నిర్ణయాల్లో చోటు లేకపోవడమేనని. దానికి ఆయన చూపిన దారి, భవనాన్ని రెండుగా విడదీసి చూడటం. పిల్లర్లు, స్లాబులు, మెట్లు, నిలువు పైపులు అందరూ కలిసి నిర్ణయించుకునేవి. లోపలి గోడలు, వంటగట్టు, అల్మరాలు ఎవరి ఇష్టం వాళ్లది. మొదటిది తరాలపాటు నిలవాలి, రెండోదాన్ని పక్కింటివాళ్లకు ఇబ్బంది లేకుండా పీకేసి మళ్లీ కట్టుకునే వీలుండాలి.

దీన్ని ఆచరణలో పెట్టినవాళ్లలో జపాన్‌లోని ఒసాకా గ్యాస్ కంపెనీ ఒకటి. 1993లో నెక్స్ట్21 అనే ప్రయోగాత్మక భవనం కట్టింది. చట్రం ఒకటే, లోపలి 18 ఇళ్లు మాత్రం వేర్వేరు ఆర్కిటెక్టులవి. నేలను ఎత్తి ఆ ఖాళీలోంచి పైపులు తీసుకెళ్లారు. తర్వాతి ఏళ్లలో కొన్ని ఇళ్ల లోపలి అమరికను మార్చి కట్టారు కూడా.

మన చర్చల్లో అందరికీ నచ్చింది జారే గోడలు. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో రీట్‌వెల్డ్ అనే ఆర్కిటెక్ట్ 1924లో కట్టిన ష్రోడర్ ఇల్లు చూపించినప్పుడు, పై అంతస్తు మొత్తం తెరుచుకుని ఒకే గది అయిపోవడం చూసి చాలామంది ముచ్చటపడ్డారు. నేనూ పడ్డాను. కానీ అది ఒక కుటుంబం తన అభిరుచి కొద్దీ కట్టించుకున్న ఇల్లు. జారే పలక శబ్దాన్ని ఆపదు. ఒకపక్క గురక, ఇంకోపక్క ఆన్‌లైన్ క్లాసు, మధ్యలో అంగుళం పలక అంటే టెన్షన్ తప్ప సుఖం ఉండదు. మనకు కావాల్సింది రోజూ కదిలే గోడ కాదు. ఐదేళ్లకో పదేళ్లకో అవసరం పడ్డప్పుడు, స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని పిలవకుండా, కింది ఇంట్లో చెమ్మ దిగకుండా మార్చుకోగలిగే గోడ. బృందం ఆఖరికి ఈ అభిప్రాయానికే వచ్చింది.

చెమ్మ మాట వచ్చింది కాబట్టి పైపుల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఈ ఏడాది మేం నేర్చుకున్నదాంట్లో బరువైనది ఇదే. గోడ ఎక్కడికైనా జరుగుతుంది, టాయిలెట్ జరగదు. నాలుగంగుళాల మురుగు పైపుకి వాలు కావాలి. 40కి 1 చొప్పున వాలు పెడితే, షాఫ్ట్‌కి, అంటే నిలువు పైపులు దిగే గూటికి, 4 మీటర్ల దూరంలో ఉన్న టాయిలెట్ పైపు 10 సెంటీమీటర్లు దిగాలి. పైపు మందం, దాని మీద పూత, టైలు కలుపుకుంటే నేల ఎంత ఎత్తు లేవాలో ఊహించండి. ఆ ఎత్తు లేకపోతే పైపు స్లాబు కిందికి, అంటే కింది ఇంటివాళ్ల సీలింగులోకి వెళ్తుంది. అది కారిన రోజు నుంచి రెండిళ్ల మధ్య మాటలుండవు. ఇరుగుపొరుగు సఖ్యత గురించి ఎన్ని సమావేశాలు పెట్టుకున్నా, ఒక్క పైపు దాన్ని చెడగొట్టగలదు.

అందుకే సూత్రాల్లో మొదటిది: ఒక్కో ఇంటికి ఒక్క షాఫ్ట్ చాలదు, దూరదూరంగా రెండు ఉండాలి. అప్పుడు పెద్ద ఇంటిని రెండు చిన్న ఇళ్లుగా విడదీసినా రెండింటికీ వంటగది, టాయిలెట్ అమరుతాయి. షాఫ్ట్ తలుపు ఇంటి లోపలికి కాకుండా బయటి నడవాలోకి తెరుచుకోవాలి, ప్లంబర్ ఎవరి పడగ్గదిలోంచీ వెళ్లనక్కర లేకుండా. ఖర్చు పెరుగుతుందని కోశాధికారి గుర్తుచేశారు, నిజమే. తర్వాత స్లాబు పగలగొట్టే ఖర్చుతో పోలిస్తే భరించదగ్గదే అని నా అభిప్రాయం.

నేల మీద ముగ్గు పోసి చూసిన ఇల్లు

కాగితం మీది ప్లాను చాలామందికి అర్థం కాదు. కాదని ఒప్పుకోరు కూడా, తల ఊపేస్తారు. అందుకని ఒక ఆదివారం ఖాళీ స్థలంలో ఒక ఇంటి ప్లాను మొత్తం అసలు కొలతలతో ముగ్గు పోయించాం. తలుపులున్న చోట అట్టముక్కలు, మంచాలకు బదులు పరుపులు, కిటికీలున్న చోట ఎర్ర రిబ్బన్లు. అదే ఇంట్లో మూడు దశలు ఆడి చూశాం: కొత్తగా పెళ్లయిన జంట, తర్వాత ఇద్దరు పిల్లలూ ఒక తాతగారూ, ఆ తర్వాత పిల్లలు వెళ్లిపోయాక సగం అద్దెకిచ్చుకున్న పెద్ద దంపతులు.

రెండో దశలోనే లోపం బయటపడింది. పెద్ద గదిని రెండుగా విడదీయగానే, ఒక సగానికి ఎర్ర రిబ్బన్ లేదు. కిటికీ ఒక్కటే, అదీ గది నడిమధ్యన. గోడ పెడితే కిటికీనే చీల్చాలి. గది ఎంత పెద్దదైనా ఒక కిటికీ ఉన్నంతకాలం అది ఒక్క గదే. దాంతో రెండో సూత్రం తేలింది: ఎప్పటికైనా విడదీసే అవకాశం ఉన్న ప్రతి గదికీ మొదటి రోజే రెండు కిటికీలు, రెండు లైటు పాయింట్లు, నడవా వైపు రెండో తలుపుకి వదిలిన చోటు ఉండాలి. ఆ చోట బీము గానీ కరెంటు బోర్డు గానీ రాకూడదు.

మూడో దశలో చక్రాల కుర్చీ వాడే సభ్యురాలు తన కుర్చీతోనే లోపలికి వచ్చారు. స్నానాల గది దగ్గర అట్టముక్క తలుపు లోపలికి తెరుచుకునేలా పెట్టాం. ఆవిడ లోపలికైతే వెళ్లారు, తలుపు వేసుకోలేకపోయారు. అక్కడికక్కడే అట్టముక్క తీసి బయటికి తిప్పాం. ఆ మార్పు ప్లానులో ప్రతి ఇంటికీ చేరింది, ఇవాళ అవసరం ఉన్నవాళ్లకే కాదు.

సగం ఇల్లు

చిలీలోని ఇకికె పట్టణంలో ఆర్కిటెక్ట్ అలెహాంద్రో అరవేనా బృందం 2004 నాటికి 93 కుటుంబాలకు కట్టిన కింటా మన్రోయ్ ఇళ్ల గురించి పెద్ద చర్చే జరిగింది. వచ్చిన సొమ్ముతో పూర్తి ఇల్లు రాదు. వాళ్లను నగర శివారుకి తరలిస్తే స్థలం చవకే, కానీ పనులూ పిల్లల బడులూ దూరమవుతాయి. అందుకని ఉన్నచోటే దాదాపు సగం ఇల్లు కట్టి ఇచ్చారు. ఏ సగం అన్నదే ముఖ్యం. మామూలు కుటుంబం సొంతంగా కట్టుకోలేని చట్రం, మెట్లు, వంటగది, స్నానాల గది ఇచ్చారు. గదులు పెంచుకోవడం కుటుంబాలకు వదిలేశారు. ఇండోర్‌లో ఆర్కిటెక్ట్ బాలకృష్ణ దోషి అరణ్య కాలనీలో 1980లలోనే ఈ దారి తొక్కారు. అక్కడ పునాది, టాయిలెట్, నీటి వసతి ముందు, మిగతాది ఎవరి వీలును బట్టి వాళ్లకు.

"చేతిలో డబ్బున్నవాళ్ల సగం నిండుతుంది, లేనివాళ్ల సగం అలాగే ఉంటుంది" అని ఒక సభ్యుడు అన్నమాటకు ఎవరి దగ్గరా సరైన జవాబు లేదు. పైగా ఐదో అంతస్తులో బయటికి గది పెంచడం అంటే పరంజా కట్టాలి, అది జరిగే పని కాదు. అందుకే మనం పెంపును చట్రం లోపలే ఉంచుతున్నాం: స్లాబు, పైకప్పు, బయటి గోడ మొదటే పూర్తవుతాయి. లోపలి గోడలు, ఫ్లోరింగు మాత్రం ఎవరి వీలును బట్టి వాళ్లు చేయించుకుంటారు.

అదనపు గది ఎవరిది?

జ్యూరిక్‌లో 2014లో పూర్తయిన కాల్క్‌బ్రైటె సహకార భవనంలో కొన్ని గదులు ఏ ఇంటికీ చెందవు. సొంత స్నానాల గది ఉంటుంది, వంటగది ఉండదు. పెద్దవాళ్లు వచ్చి ఉండాల్సి వచ్చినా, ఎదిగిన పిల్లలకు విడిగా చోటు కావాల్సినా, భవనంలోని కుటుంబం ఆ గదిని కొంతకాలానికి అద్దెకు తీసుకుంటుంది. వీటిని అక్కడ జోకర్ గదులంటారు. పేకాటలో జోకర్‌లాగే, ఏ ఇంటి అవసరానికైనా అతుకుతాయి. ఒంటరిగా ఉన్న మన పెద్ద సభ్యులు దీన్ని వెంటనే అందుకున్నారు. సహాయకురాలు రాత్రిపూట ఉండాలంటే సొంత ఇంట్లో ఏడాది పొడుగునా ఒక గది ఖాళీగా ఉంచుకోనక్కర లేదు కదా అన్నారు.

గది కట్టడం తేలికే, ఇద్దరికి ఒకేసారి కావాల్సి వస్తే ఏం చేయాలన్నదే కష్టం. దీని మీద వాదన అంతస్తుల లెక్క కన్నా ఎక్కువసేపు సాగింది. ముసాయిదా నియమం ఇలా ఉంది: గది సంఘానిదే, అమ్మకూడదు, బయటివాళ్లకు ఇవ్వకూడదు. వైద్య అవసరం ముందు, ఆ తర్వాత వరుస. గడువు ముగిశాక వరుసలో ఎవరూ లేకపోతేనే పొడిగింపు.

ఎదురుపడే దారులు

"కమ్యూనిటీ" అనగానే అందరూ పెద్ద హాలు అడుగుతారు. ఏడాదిలో ఎక్కువ రోజులు తాళం వేసి ఉండే హాలు మనలో చాలామంది చూసిందే. డెన్మార్క్‌లో 1972లో 27 కుటుంబాలతో మొదలైన సెట్టెడామ్మెన్ లాంటి సహనివాసాల్లో ఉమ్మడి ఇల్లు అందరూ రోజూ వాడుకునేది. ఎవరి వంటగది వాళ్లకు ఉంటూనే, కలిసి భోంచేసే చోటూ ఉంటుంది. నవీ ముంబై బేలాపూర్‌లో ఆర్కిటెక్ట్ చార్లెస్ కొరియా ఏడేసి ఇళ్లను 8 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పున్న ముంగిలి చుట్టూ పేర్చాడు. ఏడిళ్లవాళ్లకు ఒకరి ముఖం ఒకరికి తెలుస్తుంది. వంద ఇళ్లు ఒకే గేటుకి వేలాడితే తెలియదు.

మనకు నిలువు భవనం కాబట్టి ముంగిలి పాత్రను నడవాకే ఇవ్వాలి. మీటరు పైచిలుకు నడవాలో మనిషి నడిచి వెళ్లిపోతాడు. రెండు మీటర్లుండి, ఒకవైపు గాలీ వెలుతురూ వస్తే కుర్చీ వేసుకుంటాడు. వంటగది కిటికీ నడవా వైపు, పడగ్గదులు అటు వైపు. చూడాలనిపించినప్పుడు చూడొచ్చు, వద్దనుకుంటే తెర వేసుకోవచ్చు. బట్టలుతికే యంత్రాల గది బేస్‌మెంట్‌లో కాకుండా మెట్ల పక్కనే, పిల్లలు ఆడుకునే చోటు కనిపించేలా ఉండాలి. అక్కడ పది నిమిషాలు నిలబడ్డవాళ్లు హాల్లో గంట కూర్చున్నవాళ్ల కన్నా ఎక్కువ మాట్లాడుకుంటారని నా నమ్మకం.

పాత భవనాల్లో ఉండే సభ్యులు "మరి మా సంగతి?" అని అడిగారు. ఫ్రాన్స్‌లో బోర్దోలోని గ్రాండ్ పార్క్‌లో ఆర్కిటెక్టులు లకాటన్, వసాల్ తమ సహచరులతో కలిసి 530 ఫ్లాట్లకు, అందులోవాళ్లను ఖాళీ చేయించకుండానే, బయటి వైపు 3.8 మీటర్ల లోతు అదనపు గదులు జోడించారు. దీని మీద వచ్చే ఏడాది విడిగా కూర్చుందాం.

సర్వసభ్య సమావేశం ముందుకు రెండు తీర్మానాలు వస్తున్నాయి. ఒకటి, పై సూత్రాలను ఆర్కిటెక్ట్ ఎంపిక పత్రంలో చేర్చడం. రెండు, ఇళ్ల యాజమాన్యం. బార్సిలోనాలో 2018లో పూర్తయిన 28 ఇళ్ల లా బోర్దాలో భవనం సహకార సంఘానిది, సభ్యులకు వాడుకునే హక్కు మాత్రమే ఉంటుంది. ఆ పద్ధతి మనకు కావాలా, విడి విడి రిజిస్ట్రేషన్లా? కార్యవర్గంలో ఏకాభిప్రాయం రాలేదు. విడి రిజిస్ట్రేషన్ అయితే జోకర్ గదులు, ఇళ్లు విడదీసుకునే వీలు ఎంతకాలం నిలుస్తాయో చెప్పలేం. సహకార పద్ధతైతే బ్యాంకు రుణం ఎలా వస్తుందో ముందే తేల్చుకోవాలి. మీ అభిప్రాయాలు సమావేశానికి వారం ముందు రాతపూర్వకంగా అందితే అజెండాలో చేర్చి అందరికీ పంపుతాం.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి