పాత పుస్తకాల ఎంపికలో మాకు తోడ్పడిన పెద్దలకు, మిత్రులకు కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం.

అమలాపురం, కొత్తపేట, రావులపాలెం పరిసరాల ఊళ్లలో ఉండే మేము కొందరం కలిసి ఏడాది పొడవునా సాగే పాత పుస్తకాల రీడింగ్ ఛాలెంజ్ ఒకటి పెట్టుకున్నామనీ, అందుకు ఏయే పుస్తకాలు ఎంచుకుంటే బాగుంటుందో తెలిసినవారు దయచేసి చెప్పవలసిందనీ ఇదివరలో కోరి ఉన్నాను. ముఖపరిచయమైనా లేని ఎందరో స్పందించి, తమ సమయాన్నీ, కొందరైతే తమ బీరువాల్లోని పుస్తకాలనూ మాకిచ్చారు. జాబితా ఇప్పుడు దాదాపుగా ఖరారైంది. ఎవరి సాయం ఎక్కడ ఎలా పనికొచ్చిందో అందరికీ తెలిసేలా చెప్పడం మర్యాద అనిపించి ఇది రాస్తున్నాను. పేర్లు వద్దని కొందరు కోరినందువల్ల ఎవరి పేరూ రాయడం లేదు. చదివితే ఎవరి సంగతి వారికి తెలిసిపోతుంది.

మా నియమాలు చాలా తక్కువ. 1950కి ముందు మొదటిసారి అచ్చైన తెలుగు పుస్తకమై ఉండాలి, నెలకొకటి చొప్పున అందరూ అదే పుస్తకం చదవాలి, నెలాఖరు ఆదివారం ఒకరి ఇంట్లో కూర్చుని దాని గురించి మాట్లాడుకోవాలి. మాలో స్కూలు టీచర్లున్నారు, వరి పండించే రైతులున్నారు, గృహిణులున్నారు, ఇంటర్మీడియట్ చదివే పిల్లలున్నారు, ఆర్టీసీలో కండక్టరుగా రిటైరైన బాబాయిగారొకరున్నారు. ఇంతమందికీ నచ్చేది ఎంచడం ఒక చిక్కు. సలహా అడగగానే గొప్ప పుస్తకాల పేర్లు కుప్పలుగా వచ్చి పడడంతో, వాటిలో వేటిని వదులుకోవాలో తేల్చడం అంతకంటే పెద్ద చిక్కైంది.

కాకినాడలో తెలుగు లెక్చరరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మాస్టారికి మొదటి నమస్కారం. మిగిలినవారంతా ఏం చదవాలో చెబితే, ఆయన మాత్రం ఎవరు చదువుతున్నారని అడిగారు. ఎవరికి గ్రాంథికం అలవాటుంది, ఎవరు ఫోనులోనే చదవగలరు, ఎవరికి చిన్న అక్షరాలు కష్టం, ఎవరికి రోజులో ఏ వేళ తీరిక దొరుకుతుంది అని ఒక్కొక్కరి గురించీ విచారించి, ఆ తరువాతే పుస్తకాల ప్రస్తావన ఎత్తారు. మాకు అందిన సాయమంతటిలో అతి విలువైనది ఆ విచారణే అని నా అభిప్రాయం, ఎందుకంటే గొప్ప పుస్తకాల పట్టిక ఏ సాహిత్య చరిత్రలోనైనా దొరుకుతుంది గాని, మా కండక్టరు బాబాయిగారూ, పదహారేళ్ల అమ్మాయీ ఒకే నెలలో ఒకే పుస్తకాన్ని చివరిదాకా చదవాలంటే ఏది ముందు, ఏది వెనుక అన్నది ఏ పుస్తకంలోనూ ఉండదు.

ఉదాహరణకు, ‘రాజశేఖర చరిత్రము’తోనే ప్రారంభించాలని మాలో చాలామంది పట్టుబట్టారు. కారణాలు లేకపోలేదు. కందుకూరి వీరేశలింగం గారు రాజమహేంద్రవరం వారు, ఆ నవల 1878లో ఆయన సొంత పత్రిక ‘వివేకవర్ధని’లో వెలువడడం మొదలై, 1880లో పుస్తకమైంది, కథ మన ధవళేశ్వరంలోనే ఆరంభమవుతుంది. గోల్డ్‌స్మిత్ 1766లో ప్రకటించిన ‘ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ ప్రేరణతో పుట్టిన ఈ నవల, 1887లో తానే ఇంగ్లీషులోకి అనువాదమై వెళ్లడం మరొక విశేషం. మాస్టారు ఇవేవీ కాదనలేదు. అయితే నదినీ ఊరినీ తీరుబడిగా వర్ణించే మొదటి ప్రకరణం దగ్గరే కొత్తవారు ఆగిపోతారనీ, మొదటి నెలలో ఆగిపోయినవారు రెండో నెలలో కనిపించరనీ ఆయన అనుభవం. అందుచేత దానిని నాలుగో నెలకు జరిపించి, ఆ మొదటి ప్రకరణాన్ని ఇంట్లో ఎవరికి వారు కాక, అందరం ధవళేశ్వరం వెళ్లి గోదావరి ఒడ్డున కూర్చుని పైకి చదువుకోమన్నారు. కాటన్ దొర ఆనకట్ట 1852కి పూర్తయింది, వీరేశలింగం గారు పుట్టింది 1848లో. అంటే ఆయన ఎరిగిన గోదావరి ఆనకట్ట కట్టిన తరువాతి గోదావరే. ఆ సంగతి మనసులో పెట్టుకుని చదివితే వర్ణన మరోలా వినిపిస్తుందని కూడా చెప్పారు. ఈ ఏర్పాటు మాలో ఒక్కరికీ తోచినది కాదు.

మొదటి నెలకు ఆయన సూచించిన పుస్తకం చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి ‘గణపతి’, 1920 నాటిది. ఖండవల్లిలో 1867లో పుట్టి, చూపు పూర్తిగా పోయినా ఇతరుల చేత రాయిస్తూ నవలలూ నాటకాలూ స్వీయచరిత్రా వెలువరించిన మనిషి రాసిన హాస్యం అది. పుస్తకం పేరు చెప్పగానే మా బాబాయిగారు విజయవాడ ఆకాశవాణి నాటకంలోని గణపతి గొంతును అనుకరించి చూపించారు. పుస్తకం తెరవకముందే సగంమందికి మనిషి పరిచయమైపోయాడు. పాతకాలపు హాస్యంలో నేటివారికి గుచ్చుకునే మాటలు కొన్ని ఉంటాయి, ఒకరి రూపాన్ని చూసి నవ్వడం వంటివి. వాటిని దాటవేయకుండా, నెలాఖరు సమావేశంలో వాటి గురించే మాట్లాడుకోవాలని అనుకున్నాం.

రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయంలో మాకు సహకరించిన ఉద్యోగిగారికి ప్రత్యేకంగా రుణపడి ఉన్నాం. నాళం కృష్ణారావు గారు 1898లో నెలకొల్పిన వాసురాయ గ్రంథాలయం నుంచి ఎదిగిన ఆ సంస్థలో, పెళుసెక్కిన పుటలను ఎలా తిప్పాలో మొదలుకొని, ఒక ప్రతిని చూసి దాని వయసు ఎలా పోల్చుకోవాలో దాకా ఆయన ఓపికగా నేర్పించారు. ముఖచిత్రం మీది సంవత్సరం ఆ ముద్రణది కావచ్చు, తొలి ముద్రణది కాకపోవచ్చు. లోపలి పేజీలో ద్వితీయ ముద్రణ, తృతీయ ముద్రణ అన్న మాటలు వెతకాలి. అవీ లేకపోతే పీఠిక చివర చూడాలి. అక్కడ చాలాసార్లు తెలుగు సంవత్సరం పేరు మాత్రమే ఉంటుంది. రౌద్రి అని ఉంటే అది 1920–21 అయినా కావచ్చు, అరవై ఏళ్ల చక్రం తిరిగి వచ్చిన 1980–81 అయినా కావచ్చు. అప్పుడు ధర చూడాలట. నయాపైసలు వచ్చింది 1957లో కాబట్టి, ధర అణాల్లో ఉంటే సందేహం తీరినట్టే. మా టీచరమ్మ ఆ రోజంతా కనిపించిన ప్రతి పుస్తకం వెనక అట్టా తిప్పి చూశారు.

ఈ విద్య వెంటనే పనికొచ్చింది. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’ కావాలని నేను చాలా ఆశపడ్డాను. అందులో ఉన్న కాలం పాతదే గాని, ఆ గ్రంథం అచ్చైంది 1950 తరువాత. నియమం నియమమే కనుక దానిని వదులుకుని ఆయన కథల వైపు వెళ్లాం. కథల సంపుటాలు ఎప్పుడు అచ్చైనా, ఒక్కొక్క కథా పత్రికలో తొలిసారి ఎప్పుడు వచ్చిందో చూసుకోమని మాస్టారే దారి చూపించారు. పెద్దాపురం సంస్థానంలో చదరంగం ఆట చుట్టూ అల్లిన ‘వడ్లగింజలు’ అలా మా జాబితాకెక్కింది. అది చదవనివారు మాలో ఉన్నారు గనుక అంతకుమించి చెప్పను. తెలుగు మాటను అంత పొదుపుగా, అంత పదునుగా వాడినవారు మరొకరు లేరని నా నమ్మకం. మాస్టారు దీనితో పూర్తిగా ఏకీభవించరని కూడా తెలుసు.

నరసాపురం నుంచి ఒక అమ్మగారు తన సొంత ‘బారిష్టరు పార్వతీశం’ ప్రతిని పంపారు. మొగల్తూరు కుర్రవాడు బారిష్టరు చదువుకని బయలుదేరిన కథను నరసాపురం నుంచే తెప్పించుకోవడం మాకెంతో సంబరంగా అనిపించింది. ఆ పుస్తకం వారి మనవడి చేతుల మీదుగా వసిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లి రేవులో పంటు దిగింది. మొక్కపాటి నరసింహశాస్త్రి గారు మొదటి భాగం వెలువరించింది 1924లో. మిగతా భాగాలు ఎన్నో ఏళ్ల తరువాత వచ్చాయి. మాకు మూడూ చదివేద్దామనే ఉబలాటం ఉండగా, మీ నియమం ప్రకారం మొదటి భాగానికే అర్హత ఉందనీ, తక్కినవి ఎవరి ఇష్టం కొద్దీ వారు విడిగా చదువుకోవచ్చుననీ ఆవిడ తీర్పు చెప్పారు. మా నియమాలను మాకంటే నిక్కచ్చిగా పాటించిన ఆ అమ్మగారికి వందనం.

అడివి బాపిరాజు గారి ‘నారాయణరావు’ విషయంలో కొత్తపేటవారి అభిమానం చెప్పనలవి కాదు. కథానాయకుడిది కొత్తపేట కావడమే అందుకు ముఖ్య కారణం. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీలో విశ్వనాథ సత్యనారాయణ గారి ‘వేయిపడగలు’తో కలిసి బహుమతి పంచుకున్న నవల అది, నిడివి కూడా అందుకు తగినట్టే ఉంటుంది. దానిని జూలైలో పెట్టాలని మేం ముసాయిదాలో రాసుకోగా, మాలో ఒకరి మామగారు, ముమ్మిడివరం వైపు రైతు, దానిని చూసి సార్వా (వానాకాలపు వరి) నాట్ల వేళ ఎవడు తెరుస్తాడయ్యా అంత పుస్తకం అని అడిగారు. ఆయనే క్యాలెండరు ముందు పెట్టుకుని, దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక, కాలువలు కట్టేసి పొలంలో పని లేని మే నెలకు దానిని మార్పించారు. నాట్ల నెలలోనూ, సార్వా కోతల నెలలోనూ నలభై యాభై పుటలకు మించని పుస్తకాలే ఉంచమన్నారు. సాహిత్యంతో తనకేమీ సంబంధం లేదని చెప్పుకునే ఆ పెద్దాయన వల్ల మా జాబితాకు నిలకడ వచ్చిందని ఇక్కడ బహిరంగంగా ఒప్పుకుంటున్నాను.

ఒక నెల పూర్తిగా స్త్రీల రచనలకే కేటాయించాలని భీమవరం నుంచి ఒక ఉపాధ్యాయినిగారు కోరారు. వారి సలహా మీద భండారు అచ్చమాంబ గారి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ నుంచి కొన్ని జీవితకథలూ, ఆమెదే ‘ధనత్రయోదశి’ కథా తీసుకున్నాం. మొదటిది 1901 నాటిది, రెండోది 1902 నాటిది. చిన్నవి కావడంతో అవి సరిగ్గా నాట్ల నెలలో అమరాయి.

ప్రతులు తయారుచేసుకోవడంలో ఉన్న సందేహాలను రాజమహేంద్రవరంలోని ఒక వకీలుగారు రూపాయి తీసుకోకుండా తీర్చారు. 1957 నాటి చట్టం ప్రకారం రచయిత మరణించిన తరువాత అరవై ఏళ్లకు హక్కులు ముగుస్తాయి కాబట్టి, 1919లో పోయిన వీరేశలింగం గారివీ, 1946లో పోయిన చిలకమర్తి వారివీ, 1952లో పోయిన బాపిరాజు గారివీ, 1961లో పోయిన శ్రీపాద వారివీ ఇప్పుడు ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. మొక్కపాటి వారు 1973 దాకా జీవించారు కనుక పార్వతీశాన్ని కొనుక్కునే చదవాలి. హక్కులు తీరిపోయిన పుస్తకానికైనా ఈ మధ్య ఎవరో రాసిన కొత్త పీఠిక ఉంటే దానిని కలిపి జిరాక్స్ తీయకూడదన్న మెలిక మాలో ఎవరికీ తెలియదు. తెలుగు వికీసోర్స్‌లో దొరికే పాఠాలను పెద్ద అక్షరాల్లో ముద్రించి, చూపు మందగించిన ముగ్గురికి బైండు చేసి ఇచ్చిన పాలకొల్లు ప్రెస్సు వారికి కూడా కృతజ్ఞతలు.

కొవ్వలి సంగతి చెప్పకపోతే తణుకు మిత్రుడు ఊరుకోడు. వెయ్యి నవలలు రాసిన కొవ్వలి లక్ష్మీనరసింహరావు గారిది తణుకు. రైలు ప్రయాణాల్లో జనం ఎగబడి చదివిన రచయిత. ఆ మిత్రుడు అటకమీది నుంచి దించి పంపిన నవలకు అట్టా లేదు, మొదటి పుటలూ లేవు. సంవత్సరం తేల్చే ఆధారమేదీ మిగలలేదు. అందరూ చదివి పారేసిన పుస్తకాలను ఎవరూ దాచరు మరి. మాస్టారు అటువంటివి వద్దన్నారు, నేను కావాలన్నాను. చివరికి జాబితాలో చేర్చకుండా, చేతులు మారుతూ తిరిగే అదనపు పుస్తకంగా ఉంచాం. ఇప్పటికే అది అందరికంటే ముందు కండక్టరు బాబాయిగారి చేతికి చేరింది.

అరువు తెచ్చుకున్న ప్రతులన్నిటికీ కాగితం అట్టలు వేశాం. వాటి మీద గీతలు గీయడం, పుటల మూలలు మడవడం నిషేధం. నరసాపురం పుస్తకం ఆగస్టు సమావేశం కాగానే తిరిగి పంపుతాం. ధవళేశ్వరం వెళ్లే ఆదివారం నాడు సాయపడినవారంతా మాతో కలిసి రావలసిందిగా ప్రార్థన. భోజనం మా ఇళ్ల నుంచే వస్తుంది. డిసెంబరు నెల మాత్రం ఇంకా ఖాళీగా ఉంది. ఆ పుస్తకాన్ని ఎంచే అధికారం మాస్టారికే వదిలాం, రెండు వందల పుటలు దాటకూడదన్న ఒక్క షరతుతో. ఆయన ఇంకా ఒప్పుకోలేదు.