అది ఎవరి పని అని అడిగిన తల్లిదండ్రులకు

ప్రియమైన తల్లిదండ్రులకు,

ప్రభువు నామంలో వందనాలు.

పోయిన మంగళవారం ఉదయం ప్రార్థన దగ్గర జరిగిన సంగతి మీ గ్రూపుల్లో తిరుగుతోందని తెలుసు. ఆఫీసుకు ఫోన్లు కూడా వచ్చాయి. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. లైన్లో నిలబడ్డ ఒకటో తరగతి బాబు వాంతి చేసుకున్నాడు. చుట్టూ ఉన్న పిల్లలు ముక్కులు మూసుకుని దూరం జరిగారు. ఆయమ్మ అప్పుడు వెనక బ్లాకులో ఉంది. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు, అబ్బాయి ఒకరు ఎవరూ చెప్పకుండానే ముందుకొచ్చారు. అమ్మాయి బాబును కుళాయి దగ్గరికి తీసుకెళ్లి మూతీ చేతులూ కడిగి, తడిసిన చొక్కా విప్పి తన చున్నీ కప్పింది. అబ్బాయి ఇసుక పోసి, చీపురుతో ఎత్తి, ఫినాయిల్ వేసి నేల కడిగాడు. ఇద్దరి చేతులూ సబ్బుతో శుభ్రంగా కడిగించి క్లాసుకు పంపాం. ముగ్గురూ బాగున్నారు. పిల్లను ఆలస్యంగా దింపడానికి వచ్చిన ఒకరు గేటు దగ్గర నుంచి ఫోటో తీశారు. అందులో చీపురు కనబడుతుంది, బాబు కనబడడు.

"ఫీజులు కట్టి పంపేది మా పిల్లలతో ఊడిపించడానికా? అది ఆయమ్మ పని కదా" అని కొందరు అడిగారు. మీకు పిల్లల ఆరోగ్యం గురించి టెన్షన్ ఉండడం సహజం. ఇకమీదట ఇలాంటి అవసరానికి గ్లౌజులు స్టాఫ్ రూములో ఉంటాయి. కానీ 'అది ఆయమ్మ పని' అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను.

ఇప్పుడు నడుస్తున్నది ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల శ్రమల కాలం. యోహాను సువార్త 13వ అధ్యాయం ప్రతి ఏడూ ఈ రోజుల్లో చదువుకుంటాం. యేసు తన శిష్యులతో చేసిన చివరి రాత్రి భోజనం దగ్గర పాదాలు కడిగే పని ఇంటి దాసుడిది. పన్నెండు మంది శిష్యుల్లో ఒక్కరూ లేవలేదు. యేసు ప్రభువే లేచి, పైవస్త్రం తీసి పక్కన పెట్టి, నడుముకు తువాలు కట్టుకుని, పళ్లెంలో నీళ్లు పోసి వాళ్ల పాదాలు కడగడం మొదలుపెట్టాడు. పేతురు సిగ్గుపడి వద్దన్నాడు, మీలో కొందరు వద్దన్నట్టే. తనను అప్పగించబోతున్న యూదా పాదాలు కూడా ఆ వరుసలో ఉన్నాయి, ఆయన వాటినీ కడిగాడు. మనం ఈ నలభై రోజులు మాంసం మానేస్తాం, తెల్లచీర కడతాం, సాయంత్రం ధ్యానాలకు తప్పకుండా వెళ్తాం. మంచిదే. కానీ విశ్వాసం పెరిగేది అక్కడ మాత్రమే కాదు. మనకు ఏమీ తిరిగి రాని చోట, చేతికి మురికి అంటుకునే చోట, మన విరామం పోయే చోట పెరుగుతుంది. మన పల్లె సంఘాల్లో అమ్మలు అన్నానికి బియ్యం కొలిచినప్పుడల్లా దేవుడి కోసం గుప్పెడు పక్కన పెడతారు. ఆ గుప్పెడు వాళ్ల పళ్లెంలోంచి తగ్గిందే.

మన గుంటూరు కథ కూడా ఇదే కదా. డాక్టర్ అన్నా సారా కుగ్లర్ 1883లో అమెరికా నుంచి ఇక్కడికి వచ్చారు. చదివింది వైద్యం. మిషన్ బోర్డు అప్పటికి వైద్యసేవకు సిద్ధంగా లేక టీచరుగా పంపింది. చదువుకు తగ్గ పని కాదని ఆవిడ ఆగిపోలేదు. పాఠాలు చెప్తూనే రోగులను చూశారు. 1930లో ఈ ఊళ్లోనే కన్నుమూసేవరకు ఇక్కడి స్త్రీలకు, పిల్లలకు సేవ చేశారు. మీలో ఎంతోమంది పుట్టిన కుగ్లర్ ఆసుపత్రి ఆవిడ పేరు మీదిదే.

ఆ తొమ్మిదో తరగతి పిల్లలిద్దరి పేర్లూ రాయాలని నాకు ఎంతో ఉంది. వాళ్లే వద్దన్నారు. అమ్మాయి చున్నీ గురించి అడిగితే, "వాడికి చలేసింది మేడమ్" అంది, అంతే. అబ్బాయి మాత్రం మధ్యాహ్నం అన్నం తినకముందు ఒకటో తరగతికి వెళ్లి బాబును చూసొచ్చాడట. క్లాస్ టీచర్ చెప్తే నా కళ్లు చెమర్చాయి. ఇంకో సంగతి. పదో తరగతిలో లెక్కలు బాగా వచ్చిన ఒక అమ్మాయి పబ్లిక్ పరీక్షలు దగ్గరపడుతున్నా రోజూ లంచ్ టైములో సగాన్ని, లెక్కల్లో వెనకబడిన ఇద్దరు స్నేహితులకు నేర్పడానికి ఇస్తోంది. ఆ అమ్మాయి వాళ్లది ముస్లిం కుటుంబం. ఈ ప్రేమకు మన బడిలో మతం అడ్డు రాలేదు, రాకూడదు.



ఇంటి విషయం ఒకటి చెప్పాలి, పెద్దమనసుతో వినండి. ఏడో తరగతి అబ్బాయి చేతులూపుకుంటూ ముందు నడుస్తుంటే, వాళ్ల నానమ్మ బ్యాగు మోసుకుంటూ వెనక వస్తున్నారు. ఇది రోజూ గేటు దగ్గర చూస్తున్నాను. టిఫిన్ బాక్సు కడగడం రాని పిల్లలు ఎనిమిదిలోనూ ఉన్నారు. "నీ డబ్బాలోది ఎవరికీ పెట్టకు" అని చెప్పి పంపుతున్నట్టు పిల్లలే చెప్తున్నారు. మీరు ప్రేమతోనే చేస్తున్నారు, కాదనను. కానీ అన్నం పంచొద్దని ఇంట్లో చెప్పి, ప్రేమించడం బడిలో నేర్పమంటే మా టీచర్లు ఏం చేయగలరండీ? ఈస్టరు వరకైనా తిన్న కంచం ఎవరిది వాళ్లనే కడగనివ్వండి. బ్యాగు ఎవరిది వాళ్లనే మోయనివ్వండి. బరువైతే పుస్తకాలు తగ్గించే బాధ్యత మాది.

ఇంకా అభ్యంతరం ఉన్నవాళ్లు గ్రూపులో రాయకుండా శనివారం తల్లిదండ్రుల సమావేశానికి రండి. ఆయమ్మను కూడా కూర్చోమన్నాను.

మీ
ప్రధానోపాధ్యాయురాలు