నర్సుల సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడాది రేడియేషన్ భద్రత శిక్షణ

సభ్యులందరికీ నమస్కారం. నర్సుల దినోత్సవం, రక్తదాన శిబిరం, చందాల వసూలు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు కోశాధికారి సిస్టర్ చదువుతారు. నేను చెప్పాల్సింది రేడియేషన్ భద్రత శిక్షణ గురించి.

మొదటి క్లాసులోనే మన సంగతి బయటపడింది. వార్డులోకి పోర్టబుల్ ఎక్స్‌రే మిషన్ వస్తే చాలు, కారిడార్ చివరిదాకా పరుగెడతాం. క్యాథ్‌ల్యాబ్‌లో (గుండె రక్తనాళాలను ఎక్స్‌రేలో చూస్తూ చికిత్స చేసే గది) గంటలకొద్దీ టేబుల్ పక్కనే నిలబడే సిస్టర్లకు మాత్రం ఏ టెన్షనూ లేదు! ఛాతీ ఎక్స్‌రే తీస్తే పేషెంట్‌కు తగిలేదే సుమారు 0.02 మిల్లీసీవర్ట్ (ఒంటికి తగిలే రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం). రెండు మీటర్ల అవతల నిలబడితే మన దాకా వచ్చేది లేశమే. సీటీ స్కాన్ తీయించుకుని వచ్చిన పేషెంట్ ఒంట్లో రేడియేషన్ ఏమీ మిగలదు, ముట్టుకోవచ్చు.

రెండో క్లాసు ఆపరేషన్ థియేటర్లోనే పెట్టాం. టేబుల్ మీద పేషెంట్‌కు బదులు నీళ్ల క్యాను పెట్టి, సి-ఆర్మ్ (ఆపరేషన్ మధ్యలో ఎక్స్‌రే చూపించే మిషన్) ఆన్ చేసి, రేడియేషన్ కొలిచే మీటరు మా చేతికే ఇచ్చారు. ఒక మీటరు దూరం నుంచి రెండు మీటర్లకు జరిగేసరికి రీడింగ్ దాదాపు నాలుగో వంతుకు పడిపోయింది. పక్క నుంచి తీసేటప్పుడు ఎక్స్‌రే వచ్చే ట్యూబ్ వైపు నిలబడితే ఎక్కువ తగులుతుందని కూడా అక్కడే చూశాం. పేషెంట్ ఒంటి మీద పడి చెదిరే కిరణాలే మన మీదకు వచ్చేవి. కుర్చీ మీద మడతపెట్టి పడేసిన, ఎక్స్‌రేలను ఆపే ఒక సీసపు (లెడ్) ఆప్రాన్‌ను ఎక్స్‌రే స్క్రీన్ మీద చూపిస్తే మడత ఉన్నచోట పగులు స్పష్టంగా కనిపించింది. ఆ ఆప్రాన్ నేనూ వేసుకున్నదే.

టీఎల్‌డీ బ్యాడ్జి మనల్ని కాపాడదు, ఎంత తగిలిందో లెక్క చెబుతుంది, అంతే. ఛాతీ దగ్గర, ఆప్రాన్ లోపల పెట్టుకోవాలి. అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన పరిమితి ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మిల్లీసీవర్ట్‌లు, ఐదేళ్ల సగటున ఏడాదికి 20. మన సిస్టర్ ఒకరికి రీడింగ్ ఎక్కువ వచ్చిందని కబురొస్తే రెండు రాత్రులు నిద్రపోలేదు. తీరా చూస్తే, డ్యూటీ దిగాక బ్యాడ్జిని ఆప్రాన్‌కే ఉంచి ప్రొసీజర్ గదిలో తగిలించి వెళ్తున్నారు. ఆ మూడు నెలలూ ఎక్స్‌రేలు తిన్నది ఆప్రాన్, ఆవిడ కాదు.

థైరాయిడ్ క్యాన్సర్‌కు అయోడిన్-131 అనే రేడియోధార్మిక మందు ఇచ్చిన పేషెంట్ల విషయం వేరు. వాళ్ల మూత్రంలో, చెమటలో కూడా అది ఉంటుంది. దాని రేడియేషన్ ఎనిమిది రోజులకు సగం తగ్గుతుంది. గ్లౌజులు వేసుకుని, చేయాల్సిన పని ముందే అనుకుని లోపలికి వెళ్లాలి. మాటలేమైనా ఉంటే గుమ్మం దగ్గర నుంచే.

గర్భం అని తెలియగానే రాతపూర్వకంగా చెప్పండి. అప్పటి నుంచి కాన్పు దాకా కడుపులో బిడ్డకు 1 మిల్లీసీవర్ట్ దాటకూడదు. డ్యూటీ మారుస్తారని భయపడి దాచినవాళ్లున్నారు, వాళ్లను తప్పుపట్టలేం. ఒక ఆసుపత్రిలో ఇద్దరికి ఒకే బ్యాడ్జి ఇస్తున్నారు. రెండు ఉత్తరాలు రాశాం, జవాబు లేదు. మూడోది సిద్ధంగా ఉంది, సంతకాలు కావాలి.

ఉదయం ఎనిమిదిన్నరకు క్లాసు పెట్టడం మాత్రం మా తప్పే. నైట్ డ్యూటీ దిగి వచ్చినవాళ్లు కునికిపాట్లు పడుతూ విన్నారు. వాళ్ల కోసం మళ్లీ మధ్యాహ్నం పెడతాం. పేర్లు ఈ సమావేశం అయ్యేలోపే ఇవ్వండి.