సీపీఆర్‌లో చెయ్యి పెట్టాల్సింది రొమ్ము ఎముక మీద

సంపాదకులకు,

నగరంలో కాలనీ సంఘాలు, బడులు, అపార్టుమెంట్ల వాళ్లు సీపీఆర్ (గుండె ఆగిన మనిషి ఛాతీ నొక్కి రక్తం కదిలించే ప్రథమ చికిత్స) శిక్షణ ఏర్పాటు చేసుకోవడం చాలా సంతోషం. కానీ చేతులు మారుతున్న కొన్ని కరపత్రాల్లో, వాట్సాప్ బొమ్మల్లో అరచెయ్యి ఛాతీకి ఎడమ పక్కన కనిపిస్తోంది. ‘గుండె ఎడమ వైపు ఉంటుంది’ అని చిన్నప్పటి నుంచీ విన్నందువల్ల జరిగే పొరపాటిది. గుండె ఎడమకు వాలి ఉన్న మాట నిజమే గాని, దాని ముందు భాగాన్ని కప్పి ఉంచేది ఛాతీ మధ్యలో నిలువుగా ఉండే రొమ్ము ఎముకే. పక్కకు నొక్కితే బరువు పక్కటెముకల మీద పడుతుంది. అవి విరుగుతాయి, రక్తం మాత్రం సరిగా కదలదు.

రొమ్ము ఎముకకు మూడు భాగాలు. మెడగుంట కింద వెడల్పుగా ఉండేది మనూబ్రియం, దాని కింద పొడవాటి నడిమి భాగం, అడుగున జైఫాయిడ్ అనే చిన్న మొన. మెడగుంట నుంచి వేలు కిందికి జారిస్తే సుమారు 5 సెంటీమీటర్ల దగ్గర అడ్డంగా ఒక గట్టు తగులుతుంది. రెండో పక్కటెముక కలిసేది అక్కడే. ఈసీజీ తీసేవాళ్లు పక్కటెముకల లెక్క అక్కడే మొదలుపెడతారు.

నొక్కాల్సింది ఎముక కింది సగం మీద, అదీ జైఫాయిడ్‌ను వదిలేసి. ఆ మొన వెనకాలే కాలేయం ఉంటుంది. బరువంతా మొన మీద పడితే కాలేయం చీలవచ్చు. పెద్దవాళ్లకు లోతు 5 సెంటీమీటర్లకు తగ్గకూడదు, 6 దాటకూడదు. వేగం నిమిషానికి 100 నుంచి 120. ఏడాదిలోపు పసిపిల్లలకు సుమారు 4 సెంటీమీటర్లు చాలు.

లోతు గురించి అందరూ చెబుతారు, చెయ్యి వదలడం గురించి చెప్పరు. నొక్కినప్పుడు గుండె రొమ్ము ఎముకకూ వెన్నెముకకూ మధ్య నలిగి రక్తాన్ని బయటికి తోస్తుంది. ఎముక పూర్తిగా పైకి లేస్తేనే మళ్లీ నిండుతుంది. అలసిపోయి ఛాతీ మీదే వాలి నొక్కితే గుండె నిండదు. అందుకే ప్రతి 2 నిమిషాలకు నొక్కే మనిషి మారాలి. పరుపు మీద చేస్తే కొంత బలం పరుపే మింగేస్తుంది, కాబట్టి నేల మీదికి దించాలి.

ముసలివాళ్లలో పక్కటెముకలను రొమ్ము ఎముకతో కలిపే మృదులాస్థి గట్టిపడి ఉంటుంది. నొక్కుతుంటే ‘టక్’మని శబ్దం రావచ్చు. భయపడి ఆపకండి, చెయ్యి మధ్యలోనే ఉందో లేదో చూసుకుని కొనసాగించండి. బైపాస్ మచ్చ ఉన్నా చోటు మారదు. ఆడవాళ్ల ఛాతీ మీద చెయ్యి వేయడానికి సంకోచిస్తూ నిలబడిపోయేవాళ్లున్నారు. తాకేది రొమ్ముల మధ్య ఉన్న ఎముకను. గొలుసు, మంగళసూత్రం పక్కకు జరిపి మొదలుపెట్టాలి. మనిషి స్పృహలో లేకుండా, అడపాదడపా గురకలా ఎగశ్వాస తీస్తుంటే అది ఊపిరి కింద లెక్క కాదు. 108కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టి నొక్కడం మొదలుపెట్టాలి.

అమీర్‌పేట మెట్రోలో, ఇమ్లీబన్ బస్టాండులో, సికింద్రాబాద్ స్టేషన్లో నిలువెత్తు బొమ్మ ఒకటి పెట్టి, ఎముక కింది సగాన్ని ఎర్ర రంగుతో చూపిస్తే చదువు రానివాళ్లకు కూడా తెలుస్తుంది. మీ పత్రికలో సీపీఆర్ వార్త వేసేటప్పుడు బొమ్మలో చెయ్యి ఎక్కడుందో ఒక డాక్టరుకు చూపించి అచ్చు వేయమని కోరుతున్నాం.

శరీర నిర్మాణ శాస్త్ర అధ్యాపకులు,
హైదరాబాద్